తూర్పు వైపు అతుకు

మా హాస్టల్ కప్పు మీద రబ్బరు షీటు వేసే పని ఫిబ్రవరిలో పూర్తయింది. వేసింది నా భర్త క్రిస్టోఫర్, ఆయనతో కలిసి పనిచేసే చిరంజీవి. ఏప్రిల్‌లో క్రిస్టోఫర్ చనిపోయాడు. జూలై వానలకు తూర్పు వైపు గది కారింది.

ఇవి వేరువేరు వాక్యాలు. ఊళ్ళో వీటిని ఒకే వాక్యంగా చెప్పుకుంటున్నారని నాకు తెలుసు.

నేను ఇక్కడి మిషన్ బడిలో తెలుగు టీచర్ని. ఆడపిల్లల హాస్టల్‌కు ఇన్‌చార్జిని కూడా. కారిన గదిలోని పిల్లల్ని పక్క గదుల్లోకి సర్దాను. పరుపులు వరండాలో ఆరేశాను. బకెట్లు పెట్టించాను. ఇదంతా చేస్తున్నంతసేపూ నా వెనక ఎవరూ ఏమీ అనలేదు. వంటగదిలో పాత్రలు తోమే ఆవిడ మాత్రం, నేను ఉన్నట్టు చూసుకోకుండా, "పోయినాయన పని పోయినట్టే ఉన్నది" అంది. తర్వాత నన్ను చూసి బూడిద కోసం వెతుకుతున్నట్టు వంగింది. అప్పటికి మూడు నెలలుగా ఎవరినీ ఏమీ అనే ఓపిక లేదు నాకు.

మిషన్ కమిటీ పెద్ద ఆరోగ్యం గారు బొగ్గుగనిలో పనిచేసి రిటైరైన మనిషి. ఒకనాటి సాయంత్రం మా ఇంటికి వచ్చి, కుర్చీ వేసినా కూర్చోకుండా గుమ్మంలోనే నిలబడ్డారు.

"రేపు ఖమ్మం నుంచి ఇంజనీరు వస్తుండమ్మా. రబ్బరు పని మంచిగ చేసిన్రా లేదా చూసి చెప్తడు."

"సరే అంకుల్."

"నువ్వు పైకి రాకున్నా ఏం గాదు. ఆయన ఏమన్నడో నేను వచ్చి చెప్త."

"వస్తాను."

"చెడ్డగ ఏమన్న అంటే…"

"అంటే వింటాను."

ఆయన తల ఊపి, చెప్పులు వేసుకుంటూ మిగతాది చెప్పారు. ప్రార్థన మందిరం కప్పు కూడా రబ్బరుతోనే వేయించాలని కమిటీ ముందే అనుకుంది. ఆ పని చిరంజీవికి ఇవ్వాలా వద్దా అన్నది రేపు తేలుతుంది. పని చెడ్డదంటే హాస్టల్ షీటు మొత్తం పీకేసి వేరేవాళ్ళతో వేయిస్తారు. చిరంజీవి మళ్ళీ ఖమ్మం మిర్చి యార్డులో బస్తాలు మోయడానికి పోవాలి. క్రిస్టోఫర్ అతన్ని అక్కడి నుంచే తెచ్చాడు.

నాకు తేలవలసింది వేరే ఉంది. క్రిస్టోఫర్ పని మంచిదా, కాదా. ఆయన పోయాక నాకు మిగిలిన ప్రశ్నల్లో ఎవరినైనా అడిగి జవాబు తెలుసుకోగలిగింది అదొక్కటే.

* * *

మర్నాడు వాన కాస్త తెరిపి ఇచ్చింది. కారేపల్లి వైపు నుంచి వచ్చిన ఆటోలోంచి దిగింది జెస్సికా. పదో తరగతి దాకా మా హాస్టల్లోనే చదువుకున్న పిల్ల. ఇప్పుడు ఖమ్మంలో కప్పులకు నీళ్ళు దిగకుండా చేసే పనులు చూసే ఇంజనీరు.

ఆరోగ్యం గారు ఆటో వెనక్కి తొంగిచూశారు, ఇంకెవరైనా దిగుతారేమోనని.

"ఇంజనీరంటే తల నెరిసినాయన ఎవరో వస్తడనుకున్న. నువ్వా బిడ్డా?"

"నేనే సార్. నా తల నెరిసేదాక మీ కప్పు ఆగదు గదా."

ఆయన నవ్వారు. జెస్సికా నా దగ్గరికి వచ్చి, "బాగున్నరా టీచర్?" అంది. ఆ మాట అడిగినందుకు తానే తల దించుకుంది.

"ఉన్నానమ్మా" అన్నాను.

"సారు చేసిన పనని తెల్వక ఒప్పుకున్న. తెలిసినంక వేరేవాళ్ళను పంపమందామనుకున్న టీచర్."

"ఎందుకు? నీ పేపర్లు నేను దిద్దలేదా? మొగమాటం పడకుండా చూడు."

చిరంజీవి మెట్ల దగ్గర నిలబడి ఉన్నాడు. పండుగకు వేసుకునే చొక్కా ఇస్త్రీ చేసి వేసుకొచ్చాడు. పనిముట్ల సంచి మాత్రం తెచ్చాడు. అది ఎందుకు తెచ్చాడో అతనికే తెలియనట్టు కాళ్ళ మధ్య పెట్టుకున్నాడు.

"వదినా" అన్నాడు.

వంటమనిషి కొండమ్మ తాళంచెవి తెచ్చి మెట్ల తలుపు తీసింది. కొండమ్మది అడవి లోపలి గూడెం. ఈ హాస్టల్లో నాకంటే పాతది ఆమె. తలుపు తోస్తూ చిరంజీవిని చూసి, "ఏంది, పెండ్లిచూపులకు వచ్చినవా చొక్కా గిట్ల వేసుకొని?" అంది. అతను నవ్వలేదు. "ఎండకాలం నీ రబ్బరు మీద దోశలు పోయొచ్చు. గంత కాగుతది. వానకేమో కారబట్టె" అంటూ ఆమె చాయ్ పెట్టడానికి వెళ్ళింది.

పైకి వెళ్ళాం. క్రిస్టోఫర్ పోయాక నేను ఆ కప్పు ఎక్కడం అదే మొదలు.

నల్లటి షీటు ఈ గోడ నుంచి ఆ గోడ దాకా పరుచుకుని ఉంది. పల్లాల్లో నిలిచిన నీళ్ళలో మబ్బులు కనిపిస్తున్నాయి. దూరంగా అడవి తడిసి దగ్గరకు జరిగినట్టుంది. జెస్సికా చెప్పులు విప్పి ఒక మూల పెట్టింది. మేమూ విప్పాం.

రబ్బరు కప్పు వేయడం ఎలాగో నాకు తెలుసు. పని నడిచినన్నాళ్ళూ సాయంత్రం బడి వదిలాక నేను పైకి వచ్చి కూర్చునేదాన్ని. ముందు స్లాబును కడిగి ఆరబెడతారు. స్లాబుకూ షీటుకూ గమ్ము పూసి, వేలితో తాకితే సాగకుండా ఉండేదాకా ఆగి, అప్పుడు అతికిస్తారు. ఒక షీటు అంచు మీదికి ఇంకో షీటు అంచు ఎక్కుతుంది. ఆ అతుకే అసలు పని. అది నిలిస్తే కప్పు నిలుస్తుంది. దాన్ని చిన్న చక్రం ఉన్న రోలరుతో నొక్కుతారు. క్రిస్టోఫర్ నిలువుగా ఒకసారి, అడ్డంగా ఒకసారి నొక్కేవాడు. చాలనిపించినా మళ్ళీ మొదటికి వచ్చేవాడు. ఇంటికి వచ్చేసరికి మణికట్టు వాచి ఉండేది. "గాలి బుడగ ఉండిపోతే వానకు తెలుస్తది రిబ్కా, మనకు తెల్వదు" అనేవాడు, నేను బామ్ రాస్తుంటే.

జెస్సికా బ్యాగులోంచి మొన మొద్దుగా ఉన్న ఒక ఇనుప చువ్వ తీసింది. పడమటి గోడ దగ్గర మోకాళ్ళ మీద కూర్చుని అతుకు అంచు వెంట దాన్ని నెమ్మదిగా తోస్తూ వచ్చింది. ఎక్కడైనా అంచు లేచి ఉంటే ఆ మొన లోపలికి దిగుతుంది. దిగలేదు. ఆమె జరిగింది, మేము జరిగాం. పిట్టగోడ పైకి షీటు ఎక్కించిన చోట వేళ్ళతో తట్టి చూసింది. నీళ్ళు పోయే తూము చుట్టూ చూసింది. గోడ మూలల్లో చూసింది. ఆరోగ్యం గారు మాటిమాటికీ "ఎట్లున్నది?" అని అడిగారు. "అంతా చూసినంక చెప్త సార్" అంటూ ఆమె తల ఎత్తకుండా జరిగింది.

నడిమి దాకా వచ్చాం. అప్పటిదాకా చువ్వ ఎక్కడా దిగలేదు. అప్పుడు తూర్పు వైపు చేరాం.

మెట్ల గదికీ నీళ్ళ ట్యాంకుకూ మధ్య, ఒక నులకమంచం పట్టేంత మేర షీటు ఉబ్బి ముడతలు పడి ఉంది. నానిన అప్పడంలా ఉంది. జెస్సికా చువ్వ వాడలేదు. బొటనవేలు ఆనించి తోస్తే చాలు, అతుకు పెదవిలా విచ్చుకుంది. లోపల నీళ్ళు ఉన్నాయి.

కింద పిల్లలు పద్యం వల్లెవేస్తున్నారు. నేను ఇచ్చిపోయిన పద్యమే.

"ఇదే కారిన జాగ" అన్నారు ఆరోగ్యం గారు. "కింద సరిగ్గ ఆ గదే."

"అవ్ సార్. ఇక్కడి నుంచే దిగింది నీళ్ళు."

"మరి అతుకు సరిగ్గ వేయనట్టే గదా?"

జెస్సికా జవాబు చెప్పేలోపు చిరంజీవి ముందుకు వచ్చాడు.

"అది నేను వేసిందే సార్. ఈ పక్క మొత్తం నాది. అన్న పడమటి దిక్కు వేసిండు, నేను గిటు వేసిన. జల్దీ జల్దీ చేసిన. నాదే తప్పు."

ఆరోగ్యం గారి ముఖంలో బరువు దిగినట్టయింది. ఆయన్ని తప్పుపట్టను. బతికున్న మనిషిని కోప్పడటం తేలిక. "గదే అనుకున్న. క్రిస్టోఫర్ చేయి అసుంటిది కాదని నాకు తెల్సు" అంటూ నా వైపు చూశారు.

నేను షీటు వైపు చూస్తున్నాను. ఉబ్బిన చోట ట్యాంకు కాలు చుట్టూ ఒక చిన్న రబ్బరు ముక్క అతికించి ఉంది. దాని మూలలు గుండ్రంగా ఉన్నాయి. ఒక్క తీరుగా, గీత గీసి కత్తిరించినట్టు. కోసుగా ఉన్న మూల తొందరగా లేస్తుందని ఈ పనివాళ్ళందరూ మూలలు గుండ్రంగా కోస్తారు. చిరంజీవి చేతి అందాజుతో కోస్తాడు. క్రిస్టోఫర్ మాత్రం నా టిఫిన్ బాక్సు మూత ఆనించి సుద్దతో గీసుకుని కోసేవాడు. ఆ మూత లేక నేను ఎన్ని మధ్యాహ్నాలు అన్నం మీద కాగితం కప్పుకుని బడికి పోయానో.

చిరంజీవి నా కోసం అబద్ధం చెబుతున్నాడు. దానికోసం అతను వదులుకుంటున్నది మందిరం కప్పు పని, ఆ తర్వాత రావలసిన పనులన్నీ.

ఊరుకుంటే సరిపోయేది. నాకు నిజంగా అలసటగా ఉంది. ఒక్క నిమిషం ఏమీ మాట్లాడకపోతే చాలు, మిగతాది వాళ్ళే మాట్లాడుకుంటారు. కిందికి దిగి, మిగిలిన పద్యం చెప్పి, ఇంటికి పోయి పడుకోవచ్చు.

"కాదు" అన్నాను. "ఇది క్రిస్టోఫర్ వేసిందే."

"వదినా, నీకు తెల్వదు…"

"తెలుసు. ఈ ముక్క కోసింది ఆయన. ఆరోజు నేను ఇక్కడే కూర్చున్నాను. నువ్వు అప్పుడు ఆ గోడ దగ్గర ఉన్నావు."

చిరంజీవి సంచి కింద పెట్టి, మళ్ళీ ఎత్తాడు. "పోయిన మనిషిని ఎందుకు వదినా…" అన్నాడు మెల్లగా.

"చేసిన పని ఆయనదైతే ఆయనదే అనాలి."

* * *

మా మాటలు జెస్సికా విన్నదో లేదో తెలియదు. ఆమె ముడతల మీద అరచేయి ఆనించి, దాన్ని తిప్పి చూసుకుంది. వాసన చూసింది. తర్వాత వంగి షీటునే వాసన చూసింది.

"ఎవరు వేసిన్రు అనేది తర్వాత టీచర్. ముందు ఇటు రండి. చేయి పెట్టి చూడండి."

పెట్టాను. అన్నేసి వానలు పడినా అక్కడ జిడ్డుగా ఉంది. మిగతా షీటు గట్టిగా, గరుకుగా ఉంది. ఇక్కడ మెత్తగా, వేలు నొక్కితే దిగేలా ఉంది. ముక్కు దగ్గర పెట్టుకుంటే కొంచెం చేదు వాసన.

"గమ్ము సరిగ్గ వేయకపోతే అతుకు లేస్తది. షీటు ఉబ్బదు" అంది జెస్సికా. "ఇక్కడ షీటే ఉబ్బింది. ఈ రబ్బరు ఎండకు ఆగుతది, వానకు ఆగుతది. నూనెకు ఆగదు. నూనె తాగి ఉబ్బుతది, గమ్మును కూడా వదులుతది. ఇక్కడ నూనె ఎట్ల పడ్డది సార్?"

"నూనె ఎవరు పోస్తరమ్మా కప్పు మీద?" అన్నారు ఆరోగ్యం గారు. "జనరేటరు ఉండె ఇక్కడ. పని అప్పజెప్పిననాడు క్రిస్టోఫరే అన్నడు, డీజిల్ తగిల్తే రబ్బరు పాడైతది, దీన్ని కిందికి దించుమని. తెల్లారే దించినం. షీటు మీద ఒక్క చుక్క పడలే."

"డీజిల్ వాసన కాదు సార్ ఇది."

కొండమ్మ చాయ్ గ్లాసులతో పైకి వచ్చి, మెట్ల గది గుమ్మంలో ఆగి ఉంది. ఆమె గ్లాసులు ఎవరికీ ఇవ్వలేదు. పళ్ళెం అలాగే పట్టుకుని ఉబ్బిన చోటు వైపు చూస్తోంది.

"కొండమ్మా" అన్నాను.

"ఇప్పపలుకులు" అంది ఆమె.

"ఏంది?" అన్నారు ఆరోగ్యం గారు.

"ఇప్పపలుకులు అయ్యా. ఎండేసినం. ఎండకాలం సెలవులల్ల. మా గూడెపోళ్ళం నలుగురం. ఇక్కడనే కూసోని కాయ పలగ్గొట్టి, పలుకు తీసి, ఎండేసినం. నల్లగున్నది గదా, ఒక్క పూటల గలగలమంటయ్. మేకలు రావు, పందులు రావు. ఎండినయి బస్తాలకు ఎత్తి గా ట్యాంకుకు ఆనించి పెట్టినం. గానుగకు పట్టేదాక గాడనే ఉండె."

"ఎవరినడిగి?" ఆయన గొంతు పెరిగింది. "హాస్టల్ ఇంచార్జి లేదు, కమిటీ లేదు, తాళంచెవి చేతుల ఉన్నదని…"

ఇన్‌చార్జి నిజంగానే లేదు. మే, జూన్ నెలలు నేను తల్లాడలో మా అమ్మ దగ్గర గోడ వైపు తిరిగి పడుకుని ఉన్నాను.

కొండమ్మ పళ్ళెం పిట్టగోడ మీద పెట్టింది.

"క్రిస్టోఫర్ సారు చెప్పిండు అయ్యా."

చిరంజీవి తల ఎత్తాడు. నేనూ ఎత్తాను.

"ఇప్పపువ్వు రాలే రోజులల్ల. నేను కింద చాపలేసి ఎండబెడుతుంటే కోడి వచ్చి కెలుకుతున్నది. సారు చూసి, కొండమ్మా, పైన ఎండేసుకో, పెనం లెక్క కాగుతది అన్నడు. తానే రెండు గంపలు ఎత్తుకొచ్చిండు. పువ్వు మంచిగ ఎండె. ఏం గాలే."

"పువ్వుకు ఏం కాదు" అంది జెస్సికా. "దాంట్ల నూనె ఉండదు."

"అవ్. పువ్వుకు చెప్పిండు." కొండమ్మ చీర చెంగుతో ముఖం తుడుచుకుంది. "పలుకుకు నేను అడగలే. అడుగుదామంటే సారు లేడు. పువ్వుకు ఏం గాకపాయె, పలుకుకు ఏమైతది అనుకున్న. పలుకు అంటే నూనె అని ఎవరనుకుంటరయ్యా? అది గింజ. గానుగల పడ్డంకనే గదా నూనె."

ఆరోగ్యం గారు కూడా ఈ అడవి పక్కన పుట్టిన మనిషే. ఆయన ఇంట్లోనూ ఇప్పపలుకులు ఎండుతాయి. ఆయన తన అరచేతుల వైపు చూసుకున్నారు.

"నేను కూడ అనుకోను" అన్నారు చివరికి, కోపం పూర్తిగా పోకుండానే. "డీజిల్ అంటే డీజిల్ అనుకున్న. జనరేటరు దించి, అయిపోయింది అనుకున్న."

"ఎండలో కాగిన రబ్బరు మీద పలగ్గొట్టి, కాళ్ళతో కలియబెడితే పలుకు నూనె కక్కుతది సార్. బస్తాల అడుగున ఇంకా ఎక్కువ" అంది జెస్సికా. ఆమె లేచి నిలబడింది. నా వైపు చూడకుండా మాట్లాడటానికి ప్రయత్నిస్తోంది. "పనితనం వరకు అడిగితే… పని మంచిగున్నది. ఇంత మంచిగ అతుకు నొక్కిన కప్పు నేను ఈ జిల్లాల ఎక్కువ చూడలే. ఇంకొకటి ఉన్నది గానీ… అది పెద్దగ…"

ఆమె ఆగింది. ఆగిన చోటు నాకు అర్థమైంది. పిల్లలు జవాబు సగం రాసి ఆపినప్పుడు మిగతా సగం ఏమిటో టీచరుకు తెలుస్తుంది.

"చెప్పమ్మా."

"వద్దు టీచర్."

"అయితే నేను చెబుతాను." ఆరోగ్యం గారి వైపు తిరిగాను. "కప్పు అప్పజెప్పేటప్పుడు దేన్ని దీని మీదికి రానివ్వకూడదో చెప్పడం కూడా పనిలో భాగమే. క్రిస్టోఫర్ డీజిల్ గురించి చెప్పాడు. పువ్వు ఎండేసుకోమని ఆయనే అన్నప్పుడు, ఆ తర్వాత ఏం ఎండేస్తారో అడగలేదు. మాది మిరప, పత్తి పండే చోటు. పువ్వు వెనక కాయ వస్తుందని, కాయలో పలుకు ఉంటుందని ఆయనకు తెలియదు. నాకూ తెలియదు. తెలియనిది అడిగి తెలుసుకోవాల్సింది. అది ఆయన వైపు లోటు. కొండమ్మ మీద పెట్టకండి."

ఇంత పొడుగు మాట నేను ఆ మూడు నెలల్లో మాట్లాడలేదు. కొండమ్మ ఒక గ్లాసు తెచ్చి నా చేతిలో పెట్టింది. చాయ్ చల్లారిపోయింది. తాగాను.

* * *

ఆరోగ్యం గారు కప్పు మీద ఆ చివరి దాకా నడిచి తిరిగి వచ్చారు. గనిలో చాలా ఏళ్ళు పనిచేసినవాళ్ళు మాటను వెంటనే నమ్మరు. నెత్తిన కప్పు ఉందంటే కర్రతో కొట్టి చూసేదాకా ఆగుతారు.

"కొండమ్మ సంగతి వదిలిపెడ్త" అన్నారు. "గానీ ఒక్కటి చెప్పు బిడ్డా. మందిరం మీద ఈ పనే చేయించాలంటే రేపు కమిటీ నన్ను అడుగుతది. ఇక్కడ నూనెతోని లేచింది, సరే. మిగిలిన అతుకు గట్టిగున్నదని ఏం నమ్మకం? చువ్వతోని పైపైన గీకితే తెలుస్తదా?"

జెస్సికా మంచిగా ఉన్న అతుకు వైపు చూసింది.

"తెల్సుకునే పద్ధతి ఒకటుంది సార్. మంచిగున్న అతుకు మీద అడ్డంగా ఒక పట్టీ కోసి, రెండు దిక్కుల పట్టి గుంజాలె. అతుకు విడిపోతే పని చెడ్డది. రబ్బరు సాగి, అతుకు ఉంటే పని మంచిది. కోసిన జాగల మళ్ళ ముక్క అతికించాలె." ఆమె నన్ను చూసింది. "గానీ మంచిగున్నదాన్ని కోయాల్నా అని…"

"కోయండి" అన్నాను.

"ఎక్కడ కోయాల్నో నువ్వు చెప్పు వదినా" అన్నాడు చిరంజీవి.

అతను అలా ఎందుకు అడిగాడో నాకు తెలుసు. తన చేతి పని ఉన్న చోటు చూపిస్తానేమోనని కాదు. ఆయన పనిని కోసే కత్తి తన చేతిలో ఉంది. ఎవరైనా చెబితే తప్ప ఆ చేయి కదలదు.

నడిమి అతుకు దగ్గరికి నడిచాను. క్రిస్టోఫర్ ఒకరోజు ఒంట్లో బాగాలేక, మధ్యమధ్య కూర్చుంటూ నొక్కిన అతుకు అది. ఏప్రిల్‌లో ఆయన ప్రాణం తీసిన గుండె జబ్బు సంగతి అప్పటికి మాకెవరికీ తెలియదు. ఎండ దెబ్బ అనుకున్నాం. ఆయన పనిలో ఎక్కడైనా లోటు ఉంటే ఇక్కడే ఉంటుంది. తేలికైన చోటు చూపించడానికి మనసొప్పలేదు.

"ఇక్కడ" అన్నాను.

చిరంజీవి సంచి విప్పాడు. ఇస్త్రీ చొక్కా చేతులు పైకి మడుచుకుని కూర్చున్నాడు. కత్తి పెట్టి, అతుకుకు అడ్డంగా, అరచేతి వెడల్పు పట్టీ కోశాడు. స్లాబు నుంచి దాన్ని ఊడదీయడానికే చాలాసేపు పట్టింది. మధ్యలో ఒకసారి ఆగి చెమట తుడుచుకున్నాడు. కళ్ళు కూడా తుడుచుకున్నాడు. మేము అడవి వైపు చూశాం.

పట్టీ చేతికి వచ్చాక ఒక కొస అతను పట్టుకున్నాడు. ఇంకో కొస ఆరోగ్యం గారు చేతికి చుట్టుకున్నారు.

"అయ్యా, పైలం" అంది కొండమ్మ. "గది తెగితే నువ్వు పోయి పిట్టగోడ అవతల పడతవ్."

"నోరు ముయ్యి. బొగ్గు టబ్బులు గుంజిన చేతులు ఇవి."

గుంజారు. రబ్బరు సాగింది. ఆరోగ్యం గారి మెడ మీద నరాలు లేచాయి. చిరంజీవి వెనక్కి వాలాడు. పట్టీ ఇంకా సాగింది, నడుమ సన్నబడింది. అతుకు ఉన్న చోట మాత్రం రెండు పొరలూ కలిసే సాగాయి. జెస్సికా దగ్గరికి వెళ్ళి అంచును గోరుతో లేపబోయింది. లేవలేదు. రెండు పక్కలా చూసింది. చువ్వతో పొడిచింది.

"చాలు సార్."

ఆరోగ్యం గారు వదల్లేదు. ఇంకోసారి, ఒంట్లో ఉన్నదంతా పెట్టి గుంజారు. చివరికి పట్టీ తెగింది. కొండమ్మ అన్నంత పనీ అయింది గానీ, ఆయన పిట్టగోడ దాకా పోలేదు, నీళ్ళలో కూలబడ్డారు. చిరంజీవి పరుగెత్తి లేపాడు. ఆయన తడిసిన పంచె చూసుకోలేదు. చేతిలో మిగిలిన ముక్కనే చూశారు. తెగింది రబ్బరు. అతుకు అతుకులాగే ఉంది.

"అతుకు ఇడవలే" అన్నారు, రొప్పుతూ.

"ఇడవలే సార్" అంది జెస్సికా.

ఆయన ఆ ముక్కను నాకు ఇవ్వబోయి, ఇవ్వాలో వద్దో తెలియక ఆగారు. నేనే అందుకున్నాను. అది ఇంకా వెచ్చగా ఉంది, సాగినందుకో ఏమో. రోలరు చక్రం నడిచిన సన్నటి గీతలు దాని మీద కనిపించాయి. నిలువుగా, అడ్డంగా. ఒంట్లో బాగాలేని రోజున కూడా అడ్డంగా నొక్కాడు.

ఏడుపు రాలేదు. వస్తుందనుకున్నాను. ట్యాంకు దిమ్మె మీద కూర్చున్నాను.

"మందిరం పని నువ్వే చేస్తవ్" అన్నారు ఆరోగ్యం గారు చిరంజీవితో, పంచె పిండుకుంటూ. "కమిటీతోని నేను మాట్లాడ్త. ముందు ఇది బాగుచెయ్యి. అప్పజెప్పేనాడు మాత్రం ఊరోళ్ళందరిని పిలిచి చెప్పు, దీని మీద ఏం పెట్టొద్దో. మేకపిల్లనుంచి మెంతికూర దాక అన్నీ చెప్పు."

"చెప్త సార్."

"ఇప్పుడే కొంచెం పని చేసుకో" అంది జెస్సికా. "పట్టీ కోసిన జాగ మళ్ళ వానొచ్చేలోపు మూయాలె. ఉబ్బిన ముక్క మొత్తం కోసి తీసేసెయ్యి. కింద స్లాబు కూడా నూనె తాగి ఉంటది, సబ్బుతోని రుద్ది కడగాలె. అది ఎండపొద్దు చూసుకొని చెయ్యి. అప్పటిదాక పైన టార్పాలిన్ పట్టా కప్పు."

"ట్యాంకు కాలు దగ్గరి ముక్క కూడానా?" అని అడిగాడు చిరంజీవి. అడిగింది ఆమెను, చూసింది నన్ను.

ఆ ముక్క అంచులు కూడా ఉబ్బి ఉన్నాయి. గుండ్రటి మూలలు నిలిచాయి గానీ, నూనె వాటి కిందికి పోయింది.

"అది కూడా తీయాలి" అన్నాను. "ఉంచితే దాని పక్క నుంచి మళ్ళీ కారుతుంది."

అతను తల ఊపి, గమ్ము డబ్బా మూత తీశాడు. ఆ వాసన ఫిబ్రవరి సాయంత్రాల వాసన. కింద బడి గంట కొట్టారు. నా తర్వాతి క్లాసు ఎనిమిదో తరగతికి. జెస్సికా, ఆరోగ్యం గారు మెట్లు దిగారు. ఆయన ఆమెకు తన పంచె తడిసిన కారణం ఎవరికీ చెప్పొద్దని చెబుతున్నారు.

కొండమ్మ దిగలేదు. ఖాళీ గ్లాసులు పళ్ళెంలో సర్దుతూ, సర్దినవే మళ్ళీ సర్దుతూ నిలబడింది.

"టీచరమ్మా."

"ఊఁ."

"నేను అడగాల్సి ఉండె."

"నువ్వు అడిగేసరికి చెప్పే మనిషి లేడు గదా కొండమ్మా."

ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ముక్కు చీది, గ్లాసులు చేతికి తీసుకుంది.

"ఇంక పైకి రానియ్యం. మా గూడెపోళ్ళకు కూడ చెప్త. మరి వచ్చే ఎండకాలం పలుకు యాడ ఎండేయాల్నో ఏమో. కింద కోళ్ళు, మేకలు."

"మా ఇంటి మీద ఎండేసుకోండి."

"మీ ఇంటి మీద రబ్బరు లేదా?"

"లేదు" అన్నాను. "మాది ఉత్త సిమెంటే. మందిరం అయ్యాక వేస్తానన్నాడు మీ సారు."

చిరంజీవి రోలరు ఆపి ఇటు చూశాడు. నేను చేతిలోని రబ్బరు ముక్కను కొంగులో పెట్టుకుని, ఎనిమిదో తరగతికి ఆలస్యమవుతోందని మెట్లు దిగాను.